ఎర్ర దీపం, నీలం చుక్క

వినికిడి మిషను తనకి పనికిరావడం లేదని నాన్న చెప్పడం అది ఎన్నోసారో పాపాయికి గుర్తు లేదు. కుడి చెవిలోంచి దాన్ని తీసి, పళ్ళెం పక్కన పెట్టి, "ఇది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాకు వినపడనిది ఈ పక్క," అంటూ ఎడమ చెవి మీద వేలితో తట్టి చూపించాడు.

"పరీక్షలో కుడి చెవే దెబ్బతిందని వచ్చింది కదా నాన్నా. గీత గీసి మరీ ఇచ్చారు."

"వాళ్ళేం గీశారో నాకు తెలీదు. చెవి నాది."

"మీ నాన్నకి నా మాట ఏ చెవిలోంచీ ఎక్కదులే. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు," అంది అమ్మ, కూర గిన్నె ముందుకు జరుపుతూ.

పాపాయికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంట్లో పిలిచే పేరు ఇంట్లోనే ఉండాల్సింది గానీ, ఒక వానరోజు నాన్న గొడుగు ఇవ్వడానికి ఆమె ఆఫీసుకి వచ్చి, గుమ్మంలో నిలబడి "పాపాయీ!" అని ప్రెస్సులో అరిచినట్టు అరిచాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో కూడా ఆమె పాపాయే. చెవిలో ఇంజను పెట్టుకుని బతికినవాడికి గొంతు తగ్గించి మాట్లాడటం ఎలా వస్తుంది? ముప్పై నాలుగేళ్ళు ఆయన అచ్చు మిషను నడిపాడు.

"ఆ అచ్చు మిషను ఎటు పక్కనుండేదో కూడా అడగవేం?" అన్నాడు నాన్న. "ముప్పై నాలుగేళ్ళూ నా ఎడమ చేతి వైపే మోగింది. ఎడమ చెవి నిక్షేపంలా ఉండి కుడిది పోవడమేంటే, విడ్డూరం కాకపోతే?"

"వయసు వల్ల కూడా పోతుంది నాన్నా. మనం అనుకున్నట్టే పోవాలని ఏముంది?"

ఈ మాట ఆమె ఓపిగ్గానే చెప్పింది. కానీ ఆ ఓపిక వెనక కాస్త పంతం ఉంది. ఎందుకంటే ఆ పరీక్ష చేసిన ప్రోగ్రాం రాసింది ఆమే. వినికిడి పరీక్షలు చేసే పందొమ్మిది సెంటర్లలో, బల్ల మీది కంప్యూటర్లలో అది నడుస్తోంది. మనిషిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తారు. సన్నగా, లావుగా రకరకాల కూతలు వినిపిస్తాయి. వినపడగానే నొక్కాలి. కుడి చెవికి వినపడితే తెర మీద ఎర్ర చుక్క, ఎడమ చెవికి వినపడితే నీలం చుక్క. వరస కనిపెట్టేసి ఊహించి నొక్కకుండా ప్రోగ్రామే ఒకసారి అటు, ఒకసారి ఇటు మారుస్తూ ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆ ఆలోచన తనకి తట్టినప్పుడు పాపాయి ఎంత మురిసిపోయిందో!

అందుకే నాన్న గోడు ఆమె పెడచెవిన పెట్టింది. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, ఐదు నెలలు.

ఒక ఆదివారం పొద్దున ఆమె తల దువ్వుకుంటూ హాల్లోకి వచ్చింది. నాన్న కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ఎవరో పాత స్నేహితుడు. నాన్న పడీపడీ నవ్వుతున్నాడు. మిషను చెవిలో లేదు. ఫోను మాత్రం కుడి చెవికి ఆనించి ఉంది.

పాపాయి చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది.

చెవి పోయినవాడు పోయిన చెవికే ఫోను పెట్టుకుంటాడా? పెట్టుకుని అలా నవ్వుతాడా?

ఫోను అయిపోయేదాకా ఆగి, "నాన్నా, ఒకసారి ఎడమ చెవికి పెట్టుకుని మాట్లాడు," అంది.

"ఎందుకూ, గోడకి పెట్టుకున్నా ఒకటే," అన్నాడాయన.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, నాన్నని వెంటబెట్టుకుని సెంటరుకి వెళ్ళింది. చెప్పుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే రెండు గదులు. పరీక్షలు చేసే మేడం ఒక్కరే అన్నీ చూసుకుంటారు. పాపాయి ఎవరో తెలియగానే ఆవిడ కుర్చీలోంచి సగం లేచారు.

"మీరేనా అమ్మా? ఈ ఏడాది మీ ఆఫీసుకి రెండుసార్లు రాశాను. పెద్దవాళ్ళ రిపోర్టులు కొన్ని తేడాగా వస్తున్నాయని. మనిషిని చూస్తే ఒకలా ఉంటుంది, కాగితం చూస్తే ఇంకోలా ఉంటుంది. 'మా దగ్గర సరిగ్గానే పనిచేస్తోంది, కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి' అని జవాబొచ్చింది."

ఆ జవాబు రాసింది ఎవరో పాపాయికి బాగా తెలుసు. రెండుసార్లూ తనే. "నేను మీ పక్కన కూర్చుని చూడొచ్చా?" అని అడిగింది.

నాన్న అద్దాల గదిలోకి వెళ్ళి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. బయట మేడం బల్ల మీద రెండు చిన్న దీపాలున్నాయి. కూత కుడి చెవిలో మోగుతుంటే ఎర్రది, ఎడమ చెవిలో మోగుతుంటే నీలంది వెలుగుతుంది. మేడం పరీక్ష మొదలుపెట్టి, ఇంతకు ముందు వచ్చినాయన రిపోర్టు ప్రింటుకి ఇచ్చారు. ఆ ముసలి కంప్యూటరు ఒక్కసారి గుర్రుమంది.

పాపాయి తెర వైపు చూడలేదు. నాన్న బొటనవేలి వైపే చూసింది.

ఎర్ర దీపం వెలిగింది. నాన్న కళ్ళు చికిలించాడు. వినపడిందా, వినపడినట్టు అనిపించిందా అని తనలో తాను తేల్చుకుంటున్నాడు. ఆయన ఏ పనీ తొందరపడి చేసే మనిషి కాదు. ఎర్ర దీపం ఆరబోయే ముందు వేలు బటన్ నొక్కింది. వెంటనే నీలం దీపం వెలిగింది. అప్పుడు పాపాయి తెర వైపు తిరిగింది.

చుక్క పడింది. నీలం చుక్క.

వేలు నొక్కినప్పుడు వెలుగుతున్నది ఎర్ర దీపం. తన కళ్ళతో చూసింది. అది పడాల్సింది ఎర్ర గీత మీద. కుడి చెవి విన్న కూతని ప్రోగ్రాం ఎడమ చెవి ఖాతాలో వేసేసింది. కుడి చెవికేమో వినపడలేదని రాసేసింది.

ఇరవై కూతలు లెక్కపెట్టింది. ఏడు చుక్కలు తప్పుడు రంగులో పడ్డాయి.

"మేడం, పరీక్ష ఆపండి," అంది. "ఇవాళ్టి నుంచి దీన్ని దాని ఇష్టానికి వదలొద్దు. మీరే చేత్తో, ఒక చెవి పూర్తిగా అయ్యాక ఇంకో చెవి చెయ్యండి. తప్పు నాది."

ఏం తప్పో ఆవిడకి చెప్పడానికి పెన్ను తీసుకుంది. ప్రోగ్రాంలో ఒకేసారి మూడు పనులు నడుస్తుంటాయి, వాటిని థ్రెడ్లంటారు. ఒక థ్రెడ్ కూత వినిపిస్తుంది, ఒకటి బటన్ కోసం కాచుకుని ఉంటుంది, ఒకటి తెర మీద బొమ్మ గీస్తుంది. మూడూ కలిసి ఒకే చోట చూసుకుంటాయి. 'ఇప్పుడు మోగుతున్నది ఏ చెవి' అని రాసి ఉండే చోటు. కూత థ్రెడ్ అక్కడ రాస్తుంది. బటన్ థ్రెడ్ అక్కడ చదువుతుంది.

"బటన్ నొక్కగానే చదవదా మరి?"

"చదవదు మేడం. వేలు పొరపాటున తగిలిందేమో అని ఒక క్షణం ఆగి నిర్ధారించుకుని, అప్పుడు చదువుతుంది. మా ఆఫీసు కంప్యూటర్లో ఆ క్షణం నిజంగా క్షణమే. ఇక్కడ ప్రింటు పని మీద పడితే ఆ క్షణం సాగుతుంది. అది చదవడానికి వచ్చేసరికి కూత థ్రెడ్ అక్కడ వేరే చెవి పేరు రాసేసి ఉంటోంది."

"చటుక్కున నొక్కేవాళ్ళకి ఏమీ కాదన్నమాట."

"కాదు. ఆలోచించి నొక్కేవాళ్ళకే." పాపాయి తల వంచుకుంది. "అంటే ఎక్కువగా పెద్దవాళ్ళకే."

మెట్లు దిగి ఇద్దరూ రోడ్డు మీద నడుస్తున్నారు. బళ్ళ రొద. సందు మలుపు దాకా వెళ్ళాక పాపాయి ఉండబట్టలేకపోయింది.

"నాన్నా, నువ్వు చెప్పిందే నిజం. నీకు పోయింది ఎడమ చెవే. ఐదు నెలలు నీ మాట వినలేదు. నన్ను క్షమించు."

నాన్న ముందుకి చూస్తూ నడుస్తూనే ఉన్నాడు. నాలుగడుగులు వేశాక ఆగి, "ఏమన్నా అన్నావా?" అన్నాడు.

ఆమె ఆయనకి ఎడమ పక్కన ఉంది. గబగబా చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి, అదంతా మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన పూర్తిగా విని, తల పంకించాడు. "ఇప్పుడు బాగా వినపడింది," అన్నాడు. ఆ తర్వాత కాసేపటికి, "నా ఒక్కడికేనా, ఇంకా ఉన్నారా ఇలాంటివాళ్ళు?" అని అడిగాడు.

అదే ప్రశ్న మర్నాడు ఆఫీసులో పెద్దసారు ముందు పెట్టింది పాపాయి. కంపెనీ ఆయనదే. ఉన్నది ఏడుగురు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరిచెయ్యి. కొత్త కాపీ అందరికీ పంపిద్దాం. చడీచప్పుడు లేకుండా."

"మరి ఇప్పటికే తప్పు కాగితాలు పట్టుకుని ఇళ్ళకెళ్ళినవాళ్ళు సార్?"

"వాళ్ళెవరో మనకేం తెలుసు?"

"తెలుసుకోవచ్చు. ఏ కూత ఎప్పుడు మోగిందో ఒక ఫైల్లో ఉంది, బటన్ ఎప్పుడు నొక్కారో ఇంకో ఫైల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తే ఎవరి చుక్కలు మారిపోయాయో బయటపడుతుంది."

"మీ నాన్నగారు అందులో ఉన్నారు కాబట్టి ఇంత పట్టుబడుతున్నావు పాపాయీ."

"మా నాన్న ఉన్నారు కాబట్టి నాకు తెలిసింది సార్. మిగతావాళ్ళ కూతుళ్ళు ప్రోగ్రాములు రాయరు కదా, వాళ్ళకెలా తెలుస్తుంది?"

పెద్దసారు కళ్ళజోడు పెట్టుకుని, "ముందు సరిచెయ్యి. సెంటర్లకి రాసే ఉత్తరం సంగతి నేను చూస్తాను," అన్నారు. ఆ ఉత్తరంలో ఏముంటుందోనని పాపాయికి గుబులుగానే ఉంది.

ఆ గుబుల్లో, తొందర్లో, ఆమె మొదటి మరమ్మతు చేసింది. ఆ ఉమ్మడి చోటుకి తాళం వేసింది. ఒక థ్రెడ్ అక్కడ పనిలో ఉంటే మిగతావి బయట ఆగాలి. వినడానికి బాగానే ఉంది. రెండు రోజుల్లో సిద్ధం చేసి సెంటరుకి పట్టుకెళ్ళింది. పరీక్షకి మేడం వాళ్ళ అత్తగారు కూర్చున్నారు, సరదాగా. నాలుగు కూతలు బాగానే నడిచాయి. ఐదోది మొదలై, ఆగలేదు. తెర బిగుసుకుపోయింది. పాపాయి ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"ఏమ్మాయ్, ఇది ఆగదా? ఇప్పటిదాకా లేని చెవుడు ఇప్పుడు తెప్పిస్తావా?" అని అద్దాల గదిలోంచి అత్తగారి కేక. ఆవిడే హెడ్‌ఫోన్లు లాగి అవతల పడేశారు.

కూత థ్రెడ్ తాళం చేతిలో పట్టుకుని, తెర గీయడం అవ్వాలని కూర్చుంది. తెర థ్రెడ్ ఆ తాళం కోసం కూర్చుంది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ సాయంత్రం దాకా అలాగే ఉండగలవు. పాపాయి కంప్యూటరు వైరు పీకేసి, అత్తగారికి దండం పెట్టి, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"ఏంటే, అచ్చు తప్పుపడ్డ కాగితంలా ఉన్నావు?" అన్నాడు నాన్న, అన్నం కలుపుతూ.

ఆయన కుడి పక్కన తనూ అన్నానికి కూర్చుని అంతా చెప్పింది. థ్రెడ్లన్న మాట ఆయనకి కొత్త. మూడు పనులు ఒకే చోట రాసుకుని చదువుకోవడం అనేసరికి మాత్రం చెయ్యి ఆపి నవ్వాడు.

"ఇది మా దగ్గర కుదరదు. అచ్చయిన కట్ట, కాగితాలు మడిచి కుట్టే మడతలవాడి దగ్గరికి వెళ్తుంది. వాడు నా దగ్గరికొచ్చి 'ఇప్పుడు ఏ పని నడుస్తోంది?' అని అడిగాడనుకో, నేను చెప్పేది నా మిషను మీద ఉన్న పని. వాడి చేతిలో ఉన్నది అంతకు ముందుది. అలా అడిగి ఒకడు పెళ్ళి పత్రికల్ని నోటుపుస్తకాల్లో కుట్టేశాడు."

"మరెలా చేసేవారు?"

"చీటీ. ప్రతి కట్ట మీదా దాని చీటీ ఉంటుంది. ఎవరి పని, ఎన్ని మడతలు, ఏ టైముకి దిగింది, అన్నీ. కట్టతో పాటే పోతుంది. దాని మీద ఎవడూ కొట్టివెయ్యకూడదు, దిద్దకూడదు. మడతలవాడు నన్ను అడగక్కర్లేదు, నేను వాడి కోసం ఆగక్కర్లేదు."

పాపాయి చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి పెన్ను తెచ్చుకుంది.

ఇలాంటి పద్ధతి ఆమెకి తెలియనిదేం కాదు. చదువుకునే రోజుల్లో విన్నదే. కానీ మూడేళ్ళ కిందట పని త్వరగా అయిపోతుందని ఒక్క ఉమ్మడి చోటు పెట్టుకుని సరిపెట్టేసింది. ఇప్పుడు దాన్ని మొత్తం తీసేసింది. ప్రతి కూతకీ దాని సొంత చీటీ. ఏ చెవి, ఎంత గట్టిగా, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. ఒకసారి రాశాక ఎవరూ దిద్దడానికి లేదు. బటన్ థ్రెడ్ ఎవరినీ ఏమీ అడగదు. వేలు తగిలిన క్షణం ఏదో ఆ టైము మాత్రం రాసి పంపుతుంది, నిర్ధారించుకోవడం తర్వాతి సంగతి. ఆ టైముని చీటీలతో సరిపోల్చే పని ఇంకోచోట, తీరిగ్గా జరుగుతుంది. దీనికి పదకొండు రోజులు పట్టింది.

పన్నెండో రోజు నాన్నని అదే అద్దాల గదిలో కూర్చోబెట్టి, ఆ ముసలి కంప్యూటరు మీద కావాలని నలభై పేజీలు ప్రింటుకిచ్చి, పరీక్ష నడిపింది. మేడం దీపాలు చూశారు, పాపాయి వేలు చూసింది, పెద్దసారు స్వయంగా వచ్చి తెర చూశారు. ఎరుపు అంటే ఎరుపు, నీలం అంటే నీలం. ఒక్కటి తప్పలేదు. ఆఖర్న తెర మీద నీలం గీత కిందికి జారిపోయి ఉంది. ఎర్రది మాత్రం ఆ వయసుకి దర్జాగా పైనే ఉంది.

"ముప్పై నాలుగేళ్ళ మిషను," అన్నారు మేడం, ఆ నీలం గీత పొడుగునా వేలు నడిపిస్తూ.

పెద్దసారు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి పాపాయి చేతికిచ్చారు. పందొమ్మిది సెంటర్లకీ పంపబోయే ఉత్తరం. తప్పు ప్రోగ్రాందే అని, మనుషులది కాదని, అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ మళ్ళీ పరీక్ష చేయించే బాధ్యత కంపెనీదే అని అందులో సూటిగా ఉంది. "చూడు, ఏమైనా మార్చాలా?" అని అడిగారు. పాపాయి రెండుసార్లు చదివింది. "మార్చొద్దు సార్," అంది.

పాత ఫైళ్ళు సరిచూస్తే నూట అరవై మూడు మంది తేలారు. సెంటర్ల వాళ్ళు సగం మందికి ఫోన్లు చేశారు, మిగతా సగం పాపాయి తనే తీసుకుంది. ఒకాయన పావుగంట సేపు దులిపేశాడు. ఆమె అడ్డం చెప్పకుండా విని, ఆయనకి ఏ రోజు వీలో రాసుకుంది. ఇంట్లో బట్టలు కుట్టే ఒకామె మాత్రం మెల్లిగా అంది:

"మా ఇంట్లో అందరూ నా భ్రమ అన్నారమ్మా. చివరికి నేనూ భ్రమే అనుకున్నాను. నువ్వు చెప్పిన మాట మా అబ్బాయికి ఒక్కసారి చెప్తావా? ఫోనిస్తాను."

పాపాయి చెప్పింది. ఆ అబ్బాయి "అలాగా" అన్నాడు. ఇంకోసారి "అలాగా" అన్నాడు. ఆ గొంతు వింటుంటే సందు మలుపులో తన గొంతే గుర్తొచ్చింది.

మళ్ళీ పరీక్ష చేస్తే యాభై ఎనిమిది మందికి ఫలితం మారింది. వాళ్ళందరికీ మిషన్లు సరిచేసి ఇవ్వడానికి రెండు నెలలు పట్టింది. రెండు సెంటర్లు ఈ ప్రోగ్రామే వద్దన్నాయి. పదిహేడు ఉంచుకున్నాయి.

నాన్నకి ఎడమ చెవికి మిషను పెట్టిన రోజు ఆయన ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, మొహం చిట్లించి అటూ ఇటూ చూశాడు.

"ఈ ఫ్రిజ్ ఎప్పట్నుంచి ఇలా మూలుగుతోంది?"

"కొన్న రోజు నుంచి," అంది అమ్మ.

"మరి నాకెవరూ చెప్పలేదే!"

అమ్మ, పాపాయి ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆయన మాత్రం స్టూలు లాక్కుని ఫ్రిజ్ పక్కన కూర్చుని, అచ్చు మిషను బేరింగు విన్నట్టు దాన్ని ఏకాగ్రతగా విన్నాడు. వెనక ఫ్యాను అరిగిందని తేల్చాడు.

పెద్దసారు ఆఫీసులో కొత్త నియమం ఒకటి పెట్టారు. ఏ ప్రోగ్రాం బయటికి వెళ్ళాలన్నా ముందు నెమ్మదిగా నొక్కేవాళ్ళు నొక్కి చూడాలి. దానికోసం స్టోరు రూము ఖాళీ చేయించి, ఎక్కడెక్కడివో పాత కంప్యూటర్లు తెప్పించారు. గురువారం గురువారం పదింటికల్లా నాన్న నీటుగా తల దువ్వుకుని పాపాయితో పాటు బయల్దేరుతాడు. ప్రెస్సులో ఆయనతో పనిచేసిన మడతలాయన బస్సులో వస్తాడు. మేడం వాళ్ళ అత్తగారు ఆటోలో వస్తారు. ఈసారి కూత ఆగకపోతే ఊరుకోనని గుమ్మంలోనే హెచ్చరిస్తారు. ఇరవై నాలుగేళ్ళ ఇంజినీర్లు వీళ్ళ వెనక నోటుపుస్తకాలతో నిలబడతారు. మొదట్లో నవ్వుకున్నారు. మూడో గురువారానికి పద్నాలుగు తప్పులు పట్టుబడ్డాక నవ్వడం మానేశారు.

నాలుగో గురువారం మడతలాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బటన్ చేత్తో పట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. శ్రద్ధగా వింటున్నాడని అందరూ అనుకున్నారు. పది నిమిషాలకి సన్నగా గురక మొదలైంది. ప్రోగ్రాం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. రెండు చెవులూ పూర్తిగా పోయాయని తెర మీద తేల్చేసింది.

"లేపనా?" అన్నాడు నాన్న, చెయ్యి చాపుతూ.

"ఉండు నాన్నా," అని పాపాయి నోటుపుస్తకం తెరిచి, 'పదిహేను: వరసగా ఆరు కూతలకి జవాబు రాకపోతే పరీక్ష ఆపి, మనిషి మెలకువగా ఉన్నారో లేదో అడగాలి' అని రాసుకుంది. ఎన్ని కూతలకి అడగాలన్న దగ్గర నాన్నా, అత్తగారూ అప్పుడే వాదనకి దిగారు.